వంటింటి మీదుగా ద్రాక్షసీమ

రాచబండ జిల్లా పర్యాటక అధికారి పరాంకుశానికి ఉద్యోగంలో ఉన్న సుఖమల్లా ఒక్కటే: ఆ జిల్లాకి పర్యాటకులు రారు.

చూడ్డానికి ఏమీ లేదని కాదు. కొండలున్నాయి. ఒకటెక్కితే అవతల ఇంకోటి కనిపిస్తుంది, దాన్నెక్కడానికి మనసొప్పదు. కోట కూడా ఉండేది గానీ, దాని రాళ్లు ఎప్పుడో ఊళ్లోవాళ్ల ఇళ్ల పునాదుల్లోకి వెళ్లిపోయాయి. అందుచేత పరాంకుశం రోజూ షేర్ ఆటోలో ఆఫీసుకెళ్లి, గోడకి తగిలించిన సముద్రం ఫొటో కింద కూర్చుని, ఎవరికీ ఏ అపకారమూ చెయ్యకుండా సాయంత్రానికి ఇంటికొచ్చేవాడు. రిటైర్మెంటు దగ్గర పడుతోంది. ఇలాగే జరిగిపోతే చాలనుకున్నాడు.

ఇంతలో రాజధానిలో కమిషనర్ మారారు.

కొత్త కమిషనర్ గారు అంతకుముందే అధ్యయనం కోసం విదేశాలు వెళ్లొచ్చారు. అక్కడొక సాయంత్రం ఆయన్ని స్కూటరెక్కించి, ముందు ఒక గైడు దారి చూపిస్తుండగా ద్రాక్షతోటల మధ్య తిప్పారట. ఎదురుగా సూర్యుడు అస్తమిస్తున్నాడట. ఆ స్కూటరు మీదే ఆయనకి రాష్ట్ర భవిష్యత్తు కనిపించిందట. విమానం దిగిన వారంలో ఉత్తర్వు వచ్చింది.

"రాష్ట్రములోని ప్రతి జిల్లాయందును ఒక ద్రాక్షసీమ గుర్తింపబడవలెను. సదరు సీమయందు సూర్యాస్తమయ వేళ, శిక్షణ పొందిన మార్గదర్శి ముందు నడువగా, పర్యాటకులు స్కూటర్లపై విహరింపవలెను. విహార సమయమున పర్యాటకుల ముఖములందు ఆనందము స్పష్టముగా కనబడవలెను."

పథకం పేరు సూర్యాస్తమయ స్కూటర్ ద్రాక్షసీమా విహారం. ఆఫీసుల్లో దాన్ని కుదించి 'సూస్కూద్రావి' అన్నారు. కొత్తగా విన్నవాళ్లు అదేదో దగ్గుకి కషాయం అనుకున్నారు.

మర్నాడే వీడియో కాన్ఫరెన్సు. తెర మీద జిల్లా అధికారులందరూ గళ్లలో కూర్చున్నారు. ఒకాయన లేచి, "మా దగ్గర వైన్స్ షాపులు చాలా ఉన్నాయి సార్, సాయంత్రం పూట జనం కూడా బాగానే ఉంటారు, వాటి ముందునుంచి తిప్పమంటారా?" అనడిగాడు. ఆయన గడి వెంటనే నల్లబడిపోయింది. సముద్రతీరపు అధికారి తన జిల్లాలో ఇసుక తప్ప ఏమీ లేదన్నాడు. "ఇసుక ఉంది అనండి. లేదు అనే మాటతో వాక్యం ముగించొద్దు," అన్నారు కమిషనర్.

పరాంకుశం వంతు వచ్చింది.

"మా జిల్లాలో ద్రాక్ష పండదండీ," అన్నాడు.

"ఎన్ని ఎకరాల్లో పండదు?"

పరాంకుశం నోరు తెరిచేలోగానే కమిషనర్ గారే మళ్లీ అందుకున్నారు.

"ఒక్క తీగ కూడా లేదా? బాధ్యతాయుతంగా ఆలోచించి చెప్పండి."

పరాంకుశానికి అబద్ధం చెప్పడం రాదు. ప్రయత్నిస్తే చెవులు ఎర్రబడతాయి. తెర మీద తన చెవులు ఎర్రబడటం తనకే కనిపించింది.

"ఒకటి ఉందండీ," అన్నాడు చివరికి. "మా ఇంట్లో. మా ఆవిడ వేసింది."

కమిషనర్ గారు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. గళ్లన్నీ చప్పట్లు కొట్టాయి. "చూశారా! దృక్పథం మారితే భూగోళం మారుతుంది. రాచబండ మన ప్రప్రథమ ద్రాక్షసీమ!"

ఆ సాయంత్రం పరాంకుశం ఇంటిముందు ఆటో దిగి, గేటు తియ్యకుండా కాసేపు నిలబడ్డాడు.

లోపల పందిరి కింద తాయారు కుర్చీ వేసుక్కూర్చుని వీధిలోవాళ్లకి బీపీ చూస్తోంది. ఆవిడ నర్సుగా చేసి రిటైరైంది. సర్వీసంతా మోపెడ్ మీద పల్లెలు తిరిగింది. ఉద్యోగం మానినా జనం ఆవిణ్ణి మానలేదు. పొద్దు వాలేసరికి ఆ పందిరి కిందికి చేరతారు. ఒకరికి బీపీ, ఒకరికి షుగరు, ఒకరికి కోడలి మీద ఫిర్యాదు. ఆవిడ అన్నీ చూసి పంపిస్తుంది. ఆ ద్రాక్ష పుల్ల కూడా ఒక బాలింత తాలూకు వాళ్లు ఇచ్చిందే. గేటు దగ్గర నాటితే గోడ వారగా పాకి, ఇనప పైపుల మీద దట్టంగా అల్లుకుని, వీధి మొత్తానికి అదొక్కటే నీడ అయింది. గుత్తులు విరగకాస్తాయి. పులుపుకి కాకులు కూడా ముక్కు పెట్టవు. తాయారు వాటిని మామిడికాయకి బదులు పప్పులో వేస్తుంది.

అందరూ వెళ్లాక పరాంకుశం చెప్పాడు.

"తాయారూ, మన తీగ ప్రభుత్వం దృష్టికి వెళ్లింది."

"ఎవరు తీసుకెళ్లారు?"

"నేనే."

తాయారు బీపీ మిషను పట్టీ చుట్టబెడుతూ ఆయన మొహంలోకి చూసింది. "ఇలా రండి, కూర్చోండి," అని, ఆ పట్టీ ఆయన చేతికే చుట్టింది.

మరో వారానికి రాజధానినుంచి ఇషాని అనే సలహాదారు దిగింది. చురుకైన పిల్ల. పందిరి కింద నాలుగడుగులు అటూ ఇటూ నడిచింది. పరాంకుశం ఆశగా చూస్తున్నాడు, చిన్నదంటుందేమోనని.

"బ్యూటిఫుల్ సార్. ఇది బొటీక్ ద్రాక్షసీమ," అంది. "స్కేల్ కాదు, ఫీల్ ముఖ్యం."

"మరి కిలోమీటర్ల కొద్దీ విహారం ఉండాలన్నారుగా అమ్మా? ఈ పందిరి దాటడానికి స్కూటరు స్టార్టు చెయ్యక్కర్లేదు, తోస్తే చాలు."

"రౌండ్లు వేద్దాం. కానీ ఒక రూలుంది. వెళ్లిన దారిన వెనక్కి రాకూడదు. చూసిన దృశ్యమే మళ్లీ చూస్తే అనుభూతి పల్చబడుతుంది." ఇషాని వాకిట్లోంచి ఇంట్లోకి తొంగిచూసింది. ముందు హాలు, దాని వెనక వంటిల్లు, అవతల పెరడు, పెరటి తలుపు తీస్తే సందు. ఆ పిల్ల మొహం వెలిగిపోయింది. "ఒక వరసలో ఉన్నాయి!"

ఆ విధంగా ద్రాక్షసీమ గేటు దగ్గర మొదలై, పందిరి కిందుగా సాగి, హాల్లోకి ప్రవేశించి, వంటింట్లోంచి పెరట్లోకి దిగి, సందు చుట్టి మళ్లీ గేటుకి వచ్చింది. గడపల మీద పలకలు వేశారు. పసుపు రాసిన గడప మీంచి స్కూటర్లు ఎక్కిస్తారా అని తాయారు అడిగితే, పలక మీద కూడా పసుపు రాసుకోవచ్చని అనుమతి ఇచ్చారు.

"హాల్లోంచి పోయేటప్పుడు ఏం చెప్పమంటావమ్మా?" అన్నాడు పరాంకుశం.

"లోయ అని చెప్పండి సార్."

"వంటిల్లో?"

"సువాసనల కనుమ."

బండ్లు తిరిగే చోటు కనక రవాణా అధికారి వచ్చి చూశాడు. ఆయన చాలా పద్ధతైన మనిషి. వాహనాలు హాలునుంచి వంటింటివైపు పోతాయి కనక అది వన్‌వే అని తేల్చాడు. వంటింటి తలుపుకి లోపలివైపున 'ప్రవేశం నిషిద్ధం' బోర్డు పెట్టించాడు. దానర్థం, తాయారు హాల్లోంచి వంటింట్లోకి వెళ్లొచ్చు, వంటింట్లోంచి హాల్లోకి రాకూడదు. పొద్దున్నే కాఫీ కలిపాక ఆవిడ పెరట్లోకి దిగి, సందు తిరిగి, వీధిలోంచి గేటు తీసుకుని, పందిరి దాటి హాల్లోకి వచ్చేది. దారిలో ఇద్దరు ముగ్గురు పలకరించేవాళ్లు. కాఫీ చల్లారిపోయేది.

"రాత్రిళ్లయినా మామూలుగా తిరగొచ్చా బాబూ?" అంది తాయారు.

"వన్‌వేకి రాత్రీ పగలూ ఉండదమ్మా," అన్నాడాయన బాధగానే. "ఇంకో మాట. వంట చేసేటప్పుడు హెల్మెట్ మరవకండి. రోడ్డు మధ్యలో ఉంటారు మీరు."

ఆవిడ హెల్మెట్ పెట్టుకునే పోపు వేసింది. ఆవాలు మొహం మీదికి చిట్లకపోవడం ఒక్కటీ బాగుందని ఒప్పుకుంది కూడా.

కానీ ఎక్సైజ్ ఇన్‌స్పెక్టర్ వచ్చిన రోజున మాత్రం ఆవిడ సహనం సడలింది. పథకం కాగితాల్లో వైన్ అనే మాట కనపడింది కనక ఆయన రాక తప్పలేదు. పందిరి చూశాడు, పెరడు చూశాడు. వంటింట్లో ఒక మూల మూతపెట్టిన గిన్నె దగ్గర ఆగి, మూత తీసి వాసన చూశాడు. వెనక్కి ఒక అడుగు వేశాడు.

"ఇదేమిటి?"

"ఇడ్లీ పిండి."

"పొంగుతోంది."

"పొంగాలి నాయనా. లేకపోతే ఇడ్లీలు రాళ్లలా వస్తాయి."

"అంటే పులియబెట్టారు. తెలిసే పులియబెట్టారు." ఆయన పరాంకుశం వైపు తిరిగాడు. "సార్, మీరు తోటి ఉద్యోగి కాబట్టి కేసు రాయడం లేదు. గుర్తింపు పొందిన ద్రాక్షసీమలో అనుమతి లేకుండా ఏ పదార్థమూ పులియరాదు."

గిన్నెకి గుడ్డ కట్టి, తాడు చుట్టి, ముడి మీద లక్క కరిగించి ముద్ర వేశాడు. ఆ పూటనుంచీ ఆ ఇంట్లో రోజూ ఉప్మా. పెరుగు గిన్నె మాత్రం తాయారు అప్పటికే పక్కింటికి దాటించింది.

ఇవన్నీ ఒకెత్తు, పరాంకుశం స్కూటరు ఒకెత్తు. శిక్షణ పొందిన మార్గదర్శి అంటే జిల్లాలో ఆయనే. ఆయనకి సైకిలు తప్ప ఇంకేదీ రాదు. ఆ మాట పైకి రాస్తే శిక్షణకి వేరే రాష్ట్రం పంపిస్తామన్నారు. చివరికి తాయారే పూనుకుంది. తెల్లవారుజామున హైస్కూలు మైదానంలో ఆయన్ని బండి మీద కూర్చోబెట్టి, వెనకాల పట్టుకుని పరిగెత్తింది.

"నేల చూడకండి. ఎదురుగా చూడండి. మీరెటు చూస్తే బండి అటు పోతుంది."

"పడతాను తాయారూ."

"పడితే కట్టు కడతాను. నడపండి."

రెండుసార్లు పడ్డాడు. మోకాలికి కట్టు కడుతూ తాయారు నవ్వింది. ఉత్తర్వు వచ్చాక ఆవిడ నవ్వడం అదే మొదలు. ఇంకో నాలుగు రోజులకి ఆయన మైదానం చుట్టూ ఒక్కడే తిరిగి వచ్చి, బండి ఆపడం మర్చిపోయి ఆవిణ్ణి దాటిపోయాడు. ఆ పూట ఇంటికొచ్చేదాకా ఆయన మొహంలో ఉత్తర్వులో కోరినంత ఆనందమూ కనబడింది.

ప్రారంభోత్సవానికి కమిషనర్ గారే వచ్చారు. పర్యాటకులు దొరకలేదు కనక వేరే శాఖలనుంచి గుమాస్తాల్ని ఆ సాయంత్రానికి పర్యాటకులుగా డెప్యుటేషన్ మీద పంపించారు. పడమటి వైపు కల్యాణమండపం గోడ అడ్డం. అసలు సూర్యుడు ఎప్పుడు దిగిపోతాడో ఆ ఇంటివాళ్లకే ఏనాడూ తెలీదు. ఇషాని ముందుచూపుతో పెద్ద ఫోకస్ లైటుకి నారింజరంగు కాగితం చుట్టించి గోడ మీద నిలబెట్టింది. స్విచ్చి వెయ్యగానే అస్తమయం మొదలైంది. అందరూ "ఆహా" అన్నారు.

ముందు పరాంకుశం, వెనక కమిషనర్, ఆ వెనక డెప్యుటేషన్ పర్యాటకులు. స్కూటర్లు పందిరి కిందుగా గుర్రుమంటూ కదిలాయి.

"ఇప్పుడు మనం లోయలోకి ప్రవేశిస్తున్నాం," అన్నాడు పరాంకుశం, సోఫా పక్కనుంచి పోతూ. "కుడివైపున..." కుడివైపున టీవీ ఉంది. "కుడివైపున కూడా లోయే."

కనుమలో తాయారు హెల్మెట్ పెట్టుకుని, గోడకి అతుక్కుని నిలబడింది. స్కూటర్ల పొగకి కళ్లవెంట నీళ్లు కారుతున్నాయి. కమిషనర్ గారు ఆవిడకి చెయ్యి ఊపి, "స్థానికులా?" అనడిగారు.

మూడో చుట్టులో కరెంటు పోయింది. సూర్యుడు టప్పున ఆరిపోయాడు. లోయలో ఎవరో ఎవరినో గుద్దారు. అరుపులు సద్దుమణిగేలోపు సూర్యుణ్ణి ఇన్వర్టర్ మీదికి మార్చారు.

తరవాత రుచి చూసే కార్యక్రమం. తాయారు కోసిపెట్టిన గుత్తిలోంచి కమిషనర్ గారు ఒక పండు నోట్లో వేసుకున్నారు. కొరికారు. ఆయన ఎడమ కన్ను దానంతటదే మూసుకుపోయింది. మెడ ఒక పక్కకి వాలింది. ఆయన నెమ్మదిగా మింగి, కన్ను తెరిచారు.

"ఇదీ!" అన్నారు, గొంతు సరిగ్గా పెగలకపోయినా. "అంతర్జాతీయ రుచి. రాసుకోండి. ద్రాక్షసీమలోని ద్రాక్ష పుల్లగా ఉండవలెను. తీపి అనేది బజారు దృక్పథం."

ఇషాని రాసుకుంది. అది ఆ రాత్రికే ప్రమాణంగా వెలువడింది. అధికారులందరూ వరసలో నిలబడి ఒక్కో గుత్తి తిన్నారు. కొందరికి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఫొటోల్లో అది భావోద్వేగంలా వచ్చింది.

ఈ గొడవలో పరాంకుశం గేటువైపు చూశాడు. గేటు అవతల, తాడు కట్టిన చోట, వీధి చివరి సుబ్బరత్నమ్మ నిలబడి ఉంది. తల తిరుగుతోందని బీపీ చూపించుకోవడానికి వచ్చింది. పర్యాటకులకు మాత్రమే ప్రవేశమని కానిస్టేబులు ఆపేశాడు. ఆవిడ తాడు పట్టుకుని, కరెంటు స్తంభానికి ఆనుకుని, మెల్లగా కిందికి జారిపోతోంది. పరాంకుశం కదిలేలోగానే తాయారు పెరట్లోంచి, సందు చుట్టి, వన్‌వే తప్పకుండానే, హెల్మెట్‌తోనే పరిగెత్తుకొచ్చింది. వీధిలో మట్టిలో కూర్చుని ఆ ముసలావిడ చేతికి పట్టీ చుట్టింది. లోపల చప్పట్లు మోగుతున్నాయి. పరాంకుశం మాత్రం చప్పట్లు కొట్టలేకపోయాడు.

సుబ్బరత్నమ్మకి ఏమీ కాలేదు. మాత్ర వేసుకుని తేరుకుంది. కానీ ఆ రాత్రి తాయారు భర్తతో ఒక్క మాట కూడా మాట్లాడలేదు. అరిచినా బాగుండేదనుకున్నాడాయన.

కాపు అయిపోయాక ఒక ఆదివారం పొద్దున్న ఆవిడ కత్తెర తీసింది.

"తీగ కత్తిరించాలి. ఏటా చేసేదే," అంది. "మీ శాఖవారి అనుమతి కావాలా?"

కావాలి. కత్తిరిస్తే ద్రాక్షసీమలో ఆకన్నది మిగలదు. జిల్లా అధికారిగా ఆయన ఆపాలి. పరాంకుశం లేచి లోపలికెళ్లాడు. వంటింటి ఎత్తుపీట పట్టుకుని, నిషిద్ధం బోర్డు పక్కనుంచి తిన్నగా హాల్లోకి ఎదురు వచ్చి, పందిరి కింద వేశాడు.

"ఎక్కు. నేను పట్టుకుంటాను."

మధ్యాహ్నానికి పైపుల మీద నాలుగు మోడు కొమ్మలు మిగిలాయి. ఆకాశం మొత్తం కనిపించింది.

సరిగ్గా ఆ మర్నాడే ఇషాని కెమెరాలతో వచ్చింది. ద్రాక్షసీమకి జాతీయ బహుమతి అనుకుంటున్నారట, సినిమా తీసి పంపాలట. గేటు తీసి పైకి చూసి, ఆ పిల్ల మెట్టు మీద కూలబడింది. "సార్, సీమ ఏది?"

పరాంకుశానికి ఏడుపు మొహం వేసుక్కూర్చున్న ఆ పిల్లని చూస్తే జాలేసింది. అదే సమయంలో, ఇన్నేళ్లు వినీ వినీ లోపలెక్కడో పేరుకున్న భాష ఒకటి తనంతట తనే బయటికొచ్చింది.

"సీమ ఉందమ్మా. ప్రస్తుతం అంతర్ముఖ దశలో ఉంది."

"అంటే?"

"బాహ్య వైభవాన్ని త్యజించి, మూలాలతో సంభాషిస్తోంది. ఈ దశలో పర్యాటక వాహనాల ఒత్తిడి ఉండరాదు."

ఆయన చెవులు ఎర్రబడలేదు. దానికి ఆయనే ఆశ్చర్యపోయాడు. ఇషాని కళ్లు తుడుచుకుని ఫోను తీసింది. "వావ్ సార్. స్పెల్లింగ్ చెప్పండి."

వారంలో బోర్డులు పీకేశారు. వంటిల్లు రెండు వైపులా తెరుచుకుంది. ఎక్సైజ్ ముద్ర తియ్యడానికి వచ్చిన ఇన్‌స్పెక్టర్ గిన్నె మూత ఎత్తగానే సందు చివర కుక్కలు మొరిగాయి. తాయారు వంటింట్లోంచి హాల్లోకీ హాల్లోంచి వంటింట్లోకీ ఊరికే ఒకసారి తిరిగొచ్చింది. భర్తకి వేడి కాఫీ ఇచ్చి, "ఆ మాటలెక్కడ నేర్చుకున్నారండీ?" అని మురిసిపోయింది.

ఆ మురిపెం ఎన్నాళ్లో నిలవలేదు. ఒక సాయంత్రం ఫోను మోగింది.

"సామీ, ఆ అంతర్ముఖం కనిపెట్టింది మీరేనా?"

పక్క జిల్లానుంచి ఓబులపతి అనే రైతు. నిజంగా ద్రాక్ష పండించే మనిషి. ఆ జిల్లా ద్రాక్షసీమగా అతని తోటనే గుర్తించారు. కమిషనర్ గారికి అంతర్ముఖ దశ ఎంతగానో నచ్చి, రాష్ట్రంలోని ద్రాక్షసీమలన్నీ ఒకే రోజున ఆ దశలోకి వెళ్లాలని ఉత్తర్వు ఇచ్చారు. సందేహాలుంటే ఆదర్శ జిల్లా అధికారిని సంప్రదించాలని అడుగున పరాంకుశం నంబరు వేశారు.

"రేపు సాయంత్రం కత్తెర్లు తీసుకోని వస్తారంట సామీ. ఈసారి నా తోట ఆలస్యంగా కాపుకొచ్చింది. గుత్తులన్నీ తీగల మీదే ఉండాయి. ఇంకో వారం ఆగితే కోత. ఆగండయ్యా అంటే, దశ ఆగదంటాడు ఆ ఆఫీసరు. నాకు తెలీక అడుగుతాండా, కాసిన తోట నరికేదాన్ని ఏ ఊర్లోనైనా విహారమంటారా?"

పరాంకుశం ఫోను పెట్టేసి, అన్నం ముందు కూర్చుని కలుపుతూనే ఉన్నాడు, తినలేదు. నవ్వులాటకి అన్న మాట. ఇప్పుడు దాని చేతికి కత్తెర వచ్చింది.

"రేపు వెళదాం," అంది తాయారు.

"వెళ్లి ఏం చెప్పను?"

"అది దారిలో ఆలోచించుకోండి. నేను నడుపుతాను, మీకు ఆలోచిస్తూ నడపడం రాదు."

పథకం స్కూటర్లలో ఒకటి ఇంకా పెరట్లోనే ఉంది. మర్నాడు దాని మీద బయల్దేరారు. కొండల మధ్య రోడ్డు ఎండకి పెళపెళలాడుతోంది. వెనక కూర్చున్న పరాంకుశం దారి పొడుగునా పెదాలు కదుపుతూనే ఉన్నాడు. పొద్దు వాలుతుండగా తోట చేరారు.

కనుచూపు మేరా పందిళ్లు. ఆకుల కింద వరసలు వరసలుగా గుత్తులు, లేత పసుపు పచ్చగా, ఎండ తగిలిన పక్క మెరుస్తూ. గట్టు మీద ఓబులపతి తలపాగా తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. అతని ఎదురుగా కత్తెర్లు పట్టుకున్న మనుషులు. వాళ్ల ముందు పక్క జిల్లా అధికారి, ఉద్యోగంలో చేరి ఏడాదైనా కాని కుర్రవాడు, ఉత్తర్వు కాగితాన్ని డాలులా పట్టుకున్నాడు.

"సార్! మీరే వచ్చారా!" అంటూ కుర్ర అధికారి పరిగెత్తుకొచ్చాడు. "మొదటి కొమ్మ మీ చేతుల మీదుగానే పడాలి." రిబ్బను కట్టిన కత్తెర తెచ్చి చేతిలో పెట్టాడు.

ఓబులపతి పరాంకుశం వైపు చూసి తల తిప్పుకున్నాడు.

పరాంకుశం కత్తెర పట్టుకుని పందిరి కిందికి నడిచాడు. ఒక గుత్తి దగ్గర ఆగాడు. కత్తెర చంకలో పెట్టుకుని, ఒక పండు తుంపి నోట్లో వేసుకున్నాడు. దారంతా వెతికినా దొరకని మాట అప్పుడు దొరికింది. ఇంకోటి కూడా వేసుకున్నాడు.

"నాయనా, రుచి పరీక్ష జరిగిందా?"

"రుచి... లేదు సార్."

"తిను."

కుర్ర అధికారి తిన్నాడు. "చాలా తియ్యగా ఉంది సార్!" అన్నాడు సంతోషంగా. తరవాత ఆ సంతోషం మొహంలోంచి మెల్లగా దిగిపోయింది.

"కమిషనర్ గారు స్వయంగా కొరికి నిర్ణయించిన ప్రమాణం ఏమిటి?"

"పులుపు సార్."

"మరి తియ్యటి ద్రాక్ష ఉన్న చోటు ద్రాక్షసీమ ఎలా అవుతుంది? ద్రాక్షసీమ కాని చోట అంతర్ముఖ దశ ప్రవేశపెట్టడం ఏమవుతుంది?"

"పరిధి... దాటడం అవుతుంది సార్." కుర్రవాడికి చెమటలు పట్టాయి. "నా ప్రొబేషన్ ఇంకా పూర్తికాలేదు సార్."

"కమిషనర్ గారినే అడుగు."

కుర్రవాడు దూరంగా వెళ్లి ఫోను చేశాడు. అవతల్నుంచి కమిషనర్ గారి గొంతు గట్టు మీద అందరికీ వినపడింది. "తీపా? ఛఛ! అలాంటి చోట మన మనుషులు నిలబడ్డారని తెలిస్తే బహుమతి పోతుంది. వెంటనే వచ్చెయ్యండి. రేపు ఎవరైనా పొరపాటుపడి దాన్ని ద్రాక్షసీమ అనుకోకుండా రోడ్డు మీద బోర్డు పెట్టించండి."

కత్తెర్లు జీపెక్కాయి. రంగు డబ్బాతో వచ్చిన ఆఫీసు అటెండరు రోడ్డు పక్కన రేకు ఆనించుకుని బోర్డు రాయడానికి కూర్చున్నాడు.

ఓబులపతి తలపాగా చుట్టుకున్నాడు. చెట్టు కిందనుంచి తన పాత స్కూటరు తోసుకొచ్చాడు. "ఇంత దూరం వచ్చినారు. తోట సూసి పోండి," అన్నాడు. అతను ముందు, వీళ్లు వెనక. గట్ల మీదుగా, పందిళ్ల వారగా పోతున్నారు. ఇక్కడ వడగళ్లు పడి ఒక ఏడాదంతా పోయిందని చెప్పాడు. ఈ బావి తవ్వినప్పుడు తన పెళ్లాం పుస్తెలు తాకట్టు పెట్టిందని, నీళ్లు పడిన రోజు ఆ బురదలోనే కూర్చుని ఇద్దరూ ఏడ్చారని చెప్పాడు. ఎదురుగా సూర్యుడు, ఏ గోడా అడ్డం లేకుండా, తీరిగ్గా దిగుతున్నాడు. తాయారు బండి వేగం తగ్గించింది. పరాంకుశం ఆవిడ భుజం మీద చెయ్యి వేసుకుని, ఏ వ్యాఖ్యానమూ చెయ్యకుండా కూర్చున్నాడు.

తిరిగి రోడ్డు మీదికి వచ్చేసరికి బోర్డు తయారైంది. 'ఇది ద్రాక్షసీమ కాదు. ఇట్లు, పర్యాటక శాఖ.'

ఓబులపతి నడుం మీద చేతులు పెట్టుకుని ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కుని చదివాడు.

"ఇంకొంచెం పెద్దచ్చరాలతో రాయప్పా," అన్నాడు అటెండరుతో. "జీపులో పోయేవాళ్లకి కూడా బాగా కనపడాల."

అతను మళ్లీ కుంచె తీశాడు. స్కూటరు మీదున్న తాయారు హెల్మెట్ అద్దం పైకెత్తి, "నాయనా, రేకు ఇంకోటి ఉందా?" అనడిగింది.

"ఉందమ్మా. ఎందుకు?"

"అలాంటిదే మా గేటుకి కూడా ఒకటి రాసిపెట్టు. తడి ఆరేదాకా ఉంటాం."